ఎం4 ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్: విప్పి, కొలిచి, సరిచేసిన డైరీ

ఎం4 కార్బైన్ ఆకారంలో ఉండే ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ నమూనా ఇది. 6 మి.మీ. ప్లాస్టిక్ బీబీలు (గుండ్రని చిన్న గుళ్లు) పేలుస్తుంది. లోపల రెండో వెర్షన్ గేర్‌బాక్స్ (పిస్టన్‌ను గేర్లతో వెనక్కి లాగి, స్ప్రింగ్‌తో ముందుకు వదిలి, బీబీని నెట్టే గాలిని పుట్టించే పెట్టె), పొడవు షాఫ్టు మోటారు, 363 మి.మీ. లోపలి బారెల్ ఉన్నాయి. ఇలాంటి రైఫిలే ఉన్నవారు ఏ అంకె ఏ మార్పు వల్ల వచ్చిందో చూసుకుంటూ ఇదే వరుసలో పని చేసుకోవచ్చన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

వేగం పెంచడం ఈ పని లక్ష్యం కాదు. ఒక బీబీకీ తర్వాతి బీబీకీ మధ్య వేగంలో వచ్చే తేడాను తగ్గించడమే లక్ష్యం. 6 మి.మీ. బీబీకి జపాన్ చట్టం పెట్టిన శక్తి పరిమితి 0.989 జూళ్లు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌గా పేలేవాటికి 1.3 జూళ్లు. ఈ రెండింటిలో తక్కువదాన్నే నా హద్దుగా పెట్టుకున్నాను. 0.20 గ్రాముల బీబీతో అది సెకనుకు 99.4 మీటర్లు.

దశ 0: విప్పక ముందు కొలతలు

ముందుగా కొలవకుండా విప్పితే, తర్వాత ఏది బాగుపడిందో ఏది చెడిందో చెప్పడానికి ఆధారం ఉండదు. ప్రతి దశలోనూ ఒకే పద్ధతి పాటించాను.

1. కళ్లకు ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87.1 ప్రమాణపు అద్దాలు. బల్ల మీద పరీక్షించేటప్పుడు కూడా తీయకూడదు.
2. 0.20 గ్రాముల బీబీలు, అన్నీ ఒకే సంచిలోవి. హాప్ (బీబీని వెనక్కి తిప్పుతూ వదిలే ఏర్పాటు) పూర్తిగా తగ్గించి ఉంచాలి.
3. 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండా చార్జ్ చేసి, అంటే 8.4 వోల్టుల దగ్గర మొదలుపెట్టాలి.
4. క్రోనోగ్రాఫ్ (బీబీ వేగం కొలిచే పరికరం) గొట్టం మూతికి ప్రతిసారీ అంతే దూరంలో ఉండాలి.
5. పది బీబీలు ఒక్కొక్కటిగా పేల్చి అన్ని అంకెలూ రాసుకోవాలి. సగటు ఒక్కటే రాసుకుంటే సరిపోదు.

మొదటి పది, సెకనుకు మీటర్లలో: 94.1, 91.8, 97.2, 90.6, 95.9, 93.3, 96.4, 89.7, 94.8, 92.2.

సగటు 93.6 బాగానే ఉంది. అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య 7.5 తేడా మాత్రం బాగా లేదు. హాప్-అప్ రబ్బరు బీబీని వెనక్కి తిప్పుతూ వదులుతుంది. ఆ భ్రమణం వల్ల పుట్టే మాగ్నస్ బలం బీబీని కొంతసేపు కింద పడకుండా ఎత్తి పట్టుకుంటుంది. హాప్‌ను మనం ఒక వేగానికే సరిచేయగలం. 97తో బయలుదేరినది పైకి తేలిపోతుంది, 90తో బయలుదేరినది ముందే దిగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ గురి చెడేది అక్కడే. బయటి బారెల్ ఎంత అందంగా ఉన్నా దీనికి మందు కాదు.

పేలే రేటును, అంటే సెకనుకు ఎన్నిసార్లు పేలుతుందో, ఫోనులో రికార్డు చేసి కొలిచాను. ఆటోమేటిక్‌లో కొన్ని సెకన్లు పేల్చి, ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లో తెరిస్తే ప్రతి పేలుడూ తరంగంలో ఒక శిఖరంగా కనిపిస్తుంది. ఒక సెకనులో ఎన్ని శిఖరాలున్నాయో లెక్కపెడితే చాలు.

ఇప్పటికి లెక్క
సగటు వేగం: 93.6
తేడా: 7.5
శక్తి: 0.88 జూళ్లు
పేలే రేటు: సెకనుకు 13
బరువు, బ్యాటరీ, మ్యాగజైన్ లేకుండా: 2,740 గ్రాములు

దశ 1: విప్పడం

కావలసిన పనిముట్లు: టి10 నక్షత్రపు బిట్, చిన్న, పొడవైన స్క్రూడ్రైవర్లు, అలెన్ కీలు, పిన్నులు కొట్టే పంచ్, చిన్న సుత్తి, వెర్నియర్ క్యాలిపర్, మల్టీమీటర్, మరలు విడివిడిగా వేసుకోవడానికి గళ్ల డబ్బా.

1. మ్యాగజైన్ తీయాలి. గొట్టంలో, హాప్ గదిలో బీబీ మిగల్లేదని చూసుకోవాలి. తర్వాతే బ్యాటరీ తీయాలి.
2. ముందు పిన్ను లాగి పై భాగాన్ని వేరు చేయాలి. లోపలి బారెల్, హాప్ గది దానితోపాటే వస్తాయి.
3. స్టాక్ గొట్టం లోపలి పొడవు మర విప్పాలి. ఇందులో స్ప్రింగ్‌ను త్వరగా మార్చే ఏర్పాటు ఉంది. వెనుక నుంచి అలెన్ కీతో నొక్కి తిప్పితే స్ప్రింగ్ గైడ్‌తోపాటు బయటికి వస్తుంది.
4. పిడి అడుగు పలక, మోటారు, పిడి లోపలి మరలు, మిగతా పిన్నులు ఆ వరుసలో విప్పాలి.
5. గేర్‌బాక్స్ పెంకు తెరిచే ముందు ప్రతి వైపూ ఫోటో తీసుకోవాలి.

స్ప్రింగ్‌ను ముందే తీయగలగడం ఈ రైఫిల్‌లో నాకు బాగా నచ్చిన అంశం. ఆ ఏర్పాటు లేని గేర్‌బాక్స్‌లో మోటారు తీశాక, వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కేన్ని వదిలించి స్ప్రింగ్ ఒత్తిడి పోనివ్వాలి. ఆ తర్వాత కూడా స్ప్రింగ్ గైడ్‌ను వెనుక నుంచి స్క్రూడ్రైవర్‌తో అదిమి పట్టుకునే పెంకు ఎత్తాలి. లేకపోతే స్ప్రింగ్, గైడ్, ట్యాపెట్ ప్లేటు (నాజిల్‌ను ముందుకూ వెనక్కీ జరిపే పలక) గది నిండా ఎగిరిపోతాయి.

లోపల కనిపించినవి: పసుపు రంగు గ్రీజు అవసరానికి మించి ఉంది, అది ట్రిగ్గర్ రాగి రేకుల దాకా పాకింది. ఆ రేకుల అంచులు నల్లబడ్డాయి. బుషింగ్‌లు (గేర్ల ఇరుసులు తిరిగే రింగులు) 8 మి.మీ. ఉక్కువి, పెంకులో గట్టిగానే కూర్చున్నాయి. పిస్టన్ ప్లాస్టిక్, చివరి పన్ను మాత్రం లోహం. సెక్టార్ గేర్ (పిస్టన్‌ను వెనక్కి లాగేది) ఒక పక్క పెంకును రాసుకున్న మెరుపు గీత స్పష్టంగా కనిపించింది.

దశ 2: గాలి ఎక్కడ పోతోంది

ఇక్కడే ఎక్కువ సమయం పట్టింది. గాలి దారిలోని భాగాలను ఒక్కొక్కటిగా కలుపుతూ మూడు మెట్లలో పరీక్షించాలి.

1. సిలిండర్, సిలిండర్ తల, పిస్టన్ మాత్రమే. తల ముందున్న గొట్టాన్ని వేలితో మూసి పిస్టన్‌ను నెట్టాలి. అది ఆగిపోయి వెనక్కి తన్నాలి.
2. దానికి నాజిల్ (గాలిని బీబీ వెనుకకు చేర్చే చిన్న గొట్టం) తొడిగి, నాజిల్ మూతిని వేలితో మూసి మళ్లీ నెట్టాలి.
3. నాజిల్‌ను హాప్ రబ్బరులోకి ఆనించి, బారెల్ చివర మూసి నెట్టాలి.

మొదటి మెట్టులో పిస్టన్ నెమ్మదిగా జారింది. పిస్టన్ తల ఓ-రింగ్‌ను (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయాన్ని) కొద్దిగా సాగదీసి సిలికాన్ గ్రీజు పలచగా రాశాను. సిలిండర్ తలకు టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుట్టాను. జారడం ఆగింది. రెండో మెట్టులో నాజిల్ వెనుక నుంచి సన్నని బుస వినిపించింది. లోపల ఓ-రింగ్ లేని నాజిల్ అది. ఎం4కు సరిపోయే 21.4 మి.మీ. పొడవున్న ఓ-రింగ్ నాజిల్ వేశాను. బుస పోయింది.

కూర్చి పేల్చాను. సగటు 93.6 నుంచి 97.4కు పెరిగింది. తేడా మాత్రం 7.5 నుంచి 6.8కే దిగింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే సగటు పెరిగింది కదా. గాలి లీకు ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంటే సగటు తగ్గుతుంది, తేడా పెరగదు. ఒక్కోసారి ఒక్కో మోతాదులో పోయే లీకు వల్లనే తేడా వస్తుంది. సిలిండర్‌లో అలాంటి లీకు లేదని మొదటి రెండు మెట్లూ చెప్పాయి. అంటే నాజిల్ వెళ్లి హాప్ రబ్బరును తాకే చోట చూడాలి.

ఆ చోటు చూపు అందనిది. అందుకని నాజిల్ మూతి అంచుకు మార్కర్ సిరా పూశాను. సిరా ఆరకముందే రైఫిల్ పైభాగం, కింది భాగం కలిపి బిగించి, పిన్ను వేసి, వెంటనే విప్పి రబ్బరు పెదవుల మీద పడ్డ ముద్ర చూశాను. పూర్తి వలయం పడాల్సిన చోట కింది సగం మీద మాత్రమే నెలవంకలా పడింది. పై సగం శుభ్రంగా ఉంది. నాజిల్ కొద్దిగా తల దించుకుని రబ్బరులోకి వెళ్తోంది. పై సగంలో సందు ఒక్కోసారి మూసుకుంటోంది, ఒక్కోసారి మూసుకోవడం లేదు.

కారణాలు రెండు దొరికాయి. గేర్‌బాక్స్ కింది బాడీలో వదులుగా కూర్చుంది, వెనుక భాగం వేలితో నొక్కితే కదులుతోంది. హాప్ గదిని వెనక్కి నెట్టాల్సిన స్ప్రింగ్ మెత్తగా ఉండి, గది ముందుకు జరుగుతోంది. అన్ని కంపెనీల రెండో వెర్షన్ గేర్‌బాక్స్‌లూ ఒకే మూల నమూనా నుంచి వచ్చినా, బాడీ కొలతలు కంపెనీకి కంపెనీకి కొద్దికొద్దిగా మారతాయి. ఆ కొద్ది తేడా ఇక్కడ సరిగ్గా నాజిల్ మూతి దగ్గర తేలింది.

మొదట హాప్ గదికీ బయటి బారెల్‌కూ మధ్య పలచని ఓ-రింగ్ పెట్టాను. ముద్ర బలంగా పడింది, కానీ నెలవంకగానే. తర్వాత గేర్‌బాక్స్ వెనుక అడుగున 0.5 మి.మీ. ప్లాస్టిక్ రేకు అంటించాను. ముద్ర ముప్పావు వలయమైంది. పైన ఇంకా వేలి గోరంత ఖాళీ. రేకును 0.8 మి.మీ.కు మార్చాక స్టాక్ గొట్టం మర గుంత సరిగా కలవలేదు, బలవంతంగా బిగించాల్సి వచ్చేలా ఉంది. మళ్లీ 0.5కే వచ్చి, లోపలి బారెల్ మధ్యలో టేపు రెండు చుట్లు చుట్టి, బయటి బారెల్‌లో అది ఊగకుండా చేశాను. అప్పుడు ముద్ర నిండు వలయంగా పడింది.

ఇప్పటికి లెక్క
సగటు వేగం: 99.9
అత్యధికం 101.0, అత్యల్పం 98.6, తేడా: 2.4
శక్తి: 1.00 జూల్
పేలే రేటు: సెకనుకు 13

తేడా మూడో వంతుకు పడిపోయింది. వేగం మాత్రం హద్దు దాటింది. ఎం100 స్ప్రింగ్ తీసి ఎం95 వేశాను (0.20 గ్రాముల బీబీకి ఇచ్చే వేగాన్ని బట్టి పెట్టే పేర్లివి, అంకె తగ్గితే స్ప్రింగ్ మెత్తన). సగటు 95.2, తేడా 2.1, శక్తి 0.91 జూళ్లు. అంటే రైఫిల్ కొత్తలో ఇచ్చిన వేగం కన్నా కాస్త ఎక్కువే, అదీ మెత్తని స్ప్రింగ్‌తో. గాలి దారి సరిచేయడంలో నాకు కనిపించే అసలు లాభం ఇదే. ఆ మెత్తదనమంతా పిస్టన్ పళ్లకూ గేర్లకూ మోటారుకూ విశ్రాంతి.

సిలిండర్ మార్చాలా అని కూడా లెక్క వేశాను. లోపలి వ్యాసం 23.8 మి.మీ., పక్క రంధ్రం దాటాక పిస్టన్ ప్రయాణం 40 మి.మీ., కాబట్టి పనికొచ్చే గాలి 17.8 ఘన సెం.మీ. 6.08 మి.మీ. వ్యాసం, 363 మి.మీ. పొడవున్న బారెల్ లోపలి ఘనపరిమాణం 10.5. నిష్పత్తి సుమారు 1.7. ఈ బరువు బీబీలకు అది సరిపోతుంది, మార్చలేదు.

దశ 3: గేర్లు, షిమ్‌లు, పిస్టన్ కోణం

పాత గ్రీజంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగేశాకే షిమ్‌లు (గేర్ల ఎత్తు సరిచేసే పలచని రింగులు) కొలవాలి. గ్రీజు ఉంటే వదులుగా ఉన్న గేర్ కూడా బిగుతుగా తోస్తుంది.

1. మోటారు పినియన్ (షాఫ్టు చివరి చిన్న గేర్) స్థానం మన చేతిలో ఉండదు కాబట్టి, దానితో కలిసే బెవెల్ గేర్‌తో మొదలుపెట్టాలి. పిడి, మోటారు బిగించి, పినియన్‌తో పళ్లు నిండుగా కలిసేలా బెవెల్ ఎత్తు నిర్ణయించాలి.
2. మధ్యలో ఉండే స్పర్ గేర్‌ను వీలైనంత కిందికి, బెవెల్ పైభాగాన్ని తాకకుండా.
3. సెక్టార్ చివరన. స్పర్‌నూ పెంకునూ తాకకూడదు.
4. ప్రతి గేర్‌కూ నిలువునా 0.1 మి.మీ. కదలిక మిగలాలి. పెంకు మరలన్నీ బిగించాకే చూడాలి.

షిమ్‌ల లెక్క, కింద, పైన కలిపి:
బెవెల్ 0.20 + 0.30 = 0.50, మొత్తం 0.50
స్పర్ 0.10 + 0.25 = 0.35, మొత్తం 0.85
సెక్టార్ 0.30 + 0.35 = 0.65, మొత్తం 1.50 మి.మీ.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మొత్తం 0.90 మాత్రమే, అందులోనూ సెక్టార్ పైన ఒక్కటీ లేదు. పెంకు మీద మెరుపు గీత అందుకే పడింది.

పిస్టన్ కోణం సంగతి వేరు. పిస్టన్ పూర్తిగా ముందుకు వచ్చి ఆగినప్పుడు సెక్టార్ మొదటి పన్ను పిస్టన్ మొదటి పంటి నిండు ముఖాన్ని తాకాలి. ఇక్కడ అంచును మాత్రమే తాకుతోంది. ఆ పంటి మూల కొద్దిగా గుండ్రబడి, పక్కనే తెల్లని ప్లాస్టిక్ పొడి పేరుకుంది. సిలిండర్ తలకు 3 మి.మీ. సోర్బోథేన్ (దెబ్బను పీల్చుకునే రబ్బరులాంటి పదార్థం) మెత్త అంటిస్తే పిస్టన్ కాస్త వెనుకే ఆగి, పళ్లు నిండుగా కలుస్తాయి. పిస్టన్ రెండో పన్నును అరగదీసి తీసేశాను, సెక్టార్ మొదటి పన్ను లోపలికి వచ్చేటప్పుడు దానికి తగలకుండా.

మెత్త మొదటిసారి నిలవలేదు. కొన్ని వందల బీబీల తర్వాత వేగం హఠాత్తుగా 80లకు పడిపోయింది. విప్పి చూస్తే మెత్త ఒక అంచున లేచి, నాజిల్‌కు వెళ్లే రంధ్రాన్ని సగం కప్పేసింది. జిగురు లోహం వైపు నుంచి ఊడింది, మెత్త వైపు గట్టిగానే ఉంది. సిలిండర్ తల ముఖం అద్దంలా నునుపుగా ఉండడమే దానికి కారణం. రెండోసారి చేసిన వరుస ఇది.

1. ముఖాన్ని 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది మసకబార్చడం.
2. ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక వేళ్లు తగలనివ్వకపోవడం.
3. మెత్త రంధ్రాన్ని తల రంధ్రం కన్నా 1 మి.మీ. పెద్దగా కోయడం.
4. జిగురు పెట్టి, బిగింపులో ఒక రోజంతా వదిలేయడం.

ఆ తర్వాత ఊడలేదు. ప్రయాణం తగ్గినందుకు వేగం కొద్దిగా దిగింది.

మోటారు ఎత్తును చెవితో కాక మీటరుతో సరిచేశాను. బ్యాటరీకీ రైఫిల్‌కూ మధ్య వాట్ మీటరు పెట్టి, పిడి అడుగు మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆటోమేటిక్‌లో సగటు విద్యుత్తు చదివాను. 14 ఆంపియర్ల నుంచి 11కు దిగింది, తర్వాత మళ్లీ పెరగసాగింది. అతి తక్కువ ఉన్న చోట ఆపాను. కీచు శబ్దం కూడా అక్కడే పోయింది.

ఇప్పటికి లెక్క
సగటు వేగం: 94.3
తేడా: 1.9
శక్తి: 0.89 జూళ్లు
పేలే రేటు: సెకనుకు 14

దశ 4: తీగలు, మాస్‌ఫెట్

నల్లబడ్డ ట్రిగ్గర్ రేకులు మోటారు విద్యుత్తునంతా మోస్తున్నాయి. తాకి విడిపోయే ప్రతిసారీ నిప్పురవ్వ పుట్టి రాగిని తింటోంది. మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెడితే ఆ భారం దాని మీద పడుతుంది, రేకుల గుండా సంకేతం మాత్రమే వెళ్తుంది. రేకులను సన్న కాగితంతో శుభ్రం చేసి, పాత తీగల స్థానంలో 16 గేజీ సిలికాన్ తీగలు వేసి, చిన్న తెల్ల కనెక్టర్ తీసి టి-రకం కనెక్టర్ టంకం వేశాను.

మూసి బ్యాటరీ పెట్టగానే ఫ్యూజు పోయింది. మల్టీమీటరు పెంకుకూ ధన తీగకూ మధ్య దారి ఉందని చూపింది. పెంకు మళ్లీ తెరిస్తే ట్రిగ్గర్ వెనుక మలుపు దగ్గర పోత అంచు కత్తిలా ఉండి, సిలికాన్ తొడుగును సన్నగా చీల్చింది. పాత తీగ సన్నది కాబట్టి గాడిలో ఒదిగింది, లావు తీగ ఒదగలేదు. ఆ అంచును ఆకురాయితో గుండ్రంగా రుద్ది, ఆ మేర హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, గాడిలో చుక్క జిగురుతో తీగను కదలకుండా చేశాను. ఈ పని చేసేవారంతా పెంకు మూశాక, బ్యాటరీ పెట్టక ముందు, ఆ కొలత తప్పక తీసుకోండి. ఆ ఫ్యూజు లేకపోతే కాలేది లైపో బ్యాటరీ.

11.1 వోల్టులకు వెళ్లలేదు. 1,300 మిల్లీ ఆంపియర్ గంటలు, 25సి (సామర్థ్యానికి 25 రెట్లు విద్యుత్తు ఇవ్వగల రేటు) ఉన్న 7.4 వోల్టుల బ్యాటరీ 32 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, ఈ మోటారుకు అది చాలు. పక్కన పెట్టేటప్పుడు ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి, 3.0 కన్నా కిందికి ఎప్పుడూ దించకూడదు. పేలే రేటు 14 నుంచి 15.5కు పెరిగింది. వేగంలో మార్పు లేదు.

దశ 5: హాప్, బారెల్

బారెల్‌లోకి పంపిన మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. తెల్లగా వచ్చేదాకా ఆల్కహాల్‌తో తుడిచాను. హాప్ రబ్బరును 50 డిగ్రీల గట్టిదనమున్న మెత్తనిదానితో మార్చాను. ఈ శక్తి దగ్గర గట్టి రబ్బరు అవసరం లేదు. గేర్ రకం హాప్ చక్రం కంపనానికి తనంతట తానే తిరుగుతోంది, దాని కింద చిన్న ఓ-రింగ్ పెడితే నిలిచింది. బిగుతు బారెల్ (లోపలి వ్యాసం తక్కువున్నది) కొనలేదు. క్యాలిపర్‌తో చూసిన బీబీలు 5.95 మి.మీ. దగ్గరే ఉన్నాయి. గాలి దారి సరిగా లేని రైఫిల్‌లో 6.03 బారెల్ పెట్టినా తేడా అలాగే ఉంటుంది. గాలి దారి సరిగా ఉన్న రైఫిల్‌లో 6.08 కూడా బాగా పనిచేస్తుంది.

0.28 గ్రాముల బీబీలతో వేగం 80 వచ్చింది, లెక్క ప్రకారం రావలసినది కూడా అంతే. 40 మీటర్ల దగ్గర గాలి లేని సాయంత్రం, ఆన్చి పేల్చిన పది బీబీలు నిలువునా 35 సెం.మీ.లో పడ్డాయి. దశ 0లో అదే దూరంలో అది 70.

ఇప్పటికి లెక్క, 0.20 గ్రాములతో
సగటు వేగం: 94.8
అత్యధికం 95.5, అత్యల్పం 93.9, తేడా: 1.6
శక్తి: 0.90 జూళ్లు
పేలే రేటు: సెకనుకు 15.5

బయటి భాగాల గురించి

బాడీ లోహం గట్టిది, రంగు సమంగా ఉంది. గొట్టం మూతికి 14 మి.మీ. ఎడమ మర ఉంది, కాబట్టి దొరికే చాలా ఉపకరణాలు పడతాయి. బోల్టు మూత వెనక్కి లాగితే నిలబడి హాప్ చక్రం అందుతుంది, ఇది రోజూ పనికొచ్చే ఏర్పాటు. స్టాక్ ఆరు స్థానాల్లోనూ కొద్దిగా ఊగుతుంది, గొట్టానికి కింద టేపు పట్టీ అంటిస్తే ఆగింది. ముందు పట్టు పలక మరలు పేలుతుంటే వదులవుతున్నాయి, నీలం రంగు మర జిగురు తప్పనిసరి. రైఫిల్‌తో వచ్చిన, చక్రం తిప్పే మ్యాగజైన్ గలగలమంటుంది, అందులో బీబీలు అందకుండా పోవడం కూడా చూశాను. స్ప్రింగ్‌తో నడిచే 120 బీబీల మ్యాగజైన్‌లో ఆ సమస్య లేదు. అందుకే సెక్టార్‌కు ఆలస్యపు చిప్ (బీబీ అందేదాకా నాజిల్‌ను వెనుకే కాస్త ఎక్కువసేపు ఆపేది) జోడించలేదు.

దశ 6: తిరిగి తెరిచి చూడడం

రెండు వేలకు పైగా బీబీల తర్వాత మళ్లీ విప్పాను. మెత్త నాలుగు వైపులా అంటుకునే ఉంది. పిస్టన్ మొదటి పంటి మీద రాపిడి ఇప్పుడు ముఖమంతా సమంగా ఉంది, తెల్ల పొడి లేదు. ట్రిగ్గర్ రేకులు శుభ్రం చేసినట్టే ఉన్నాయి. సిరా ముద్ర మళ్లీ తీశాను, నిండు వలయమే. బెవెల్ కింద కదలిక 0.1 నుంచి 0.15కు పెరిగింది, 0.05 షిమ్ ఒకటి కలిపాను. షిమ్‌ల మొత్తం ఇప్పుడు 1.55 మి.మీ. గేర్లకు గ్రీజు కొత్తగా రాసి, పిస్టన్ ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు పలచగా పూసి మూశాను.